మైలేజీ అనే మొదటి జవాబు

హైబ్రిడ్ కారు ఎందుకు కొన్నారని అడిగితే మొదట వచ్చే జవాబు మైలేజీ. హైదరాబాద్‌లో అడిగినా, విజయవాడలో అడిగినా, డాలస్ శివార్లలో మనవాళ్లున్న వీధుల్లో అడిగినా ఇదే మాట. అది అబద్ధమని అనలేం. కానీ ఆ ఒక్క జవాబుతో ఆగిపోతే కొన్ని సంగతులు అంతుపట్టవు. లెక్క ప్రకారం పదిహేనేళ్లకు గానీ డబ్బు తిరిగిరానివాళ్లు ఈ కారే ఎందుకు కొంటున్నారు? నాలుగైదేళ్లలో ఆ డబ్బు తిరిగొచ్చేవాళ్లలో చాలామంది దీని వైపు ఎందుకు చూడటం లేదు? ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో పదిమందికీ కనబడాలని కొన్న బండిని ఇవాళ మన దగ్గర ఎవరూ గుర్తుపట్టకపోయినా ఫర్వాలేదని ఎలా కొనగలుగుతున్నారు?

తొలి హైబ్రిడ్ ప్రియస్‌ను టొయోటా జపాన్‌లో 1997 డిసెంబరులో అమ్మకానికి పెట్టింది. అప్పటినుంచి కొనుగోలుదార్ల మీద జరిగిన పరిశోధనలను, మన దేశంలో 2022 తర్వాతి అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ కారణాలు ఎప్పుడూ ఒక్కచోట నిలవలేదు. పన్నును బట్టి, ఊరిని బట్టి, ఆ పూట షోరూంలో దాని పక్కన నిలబడిన ఇంకో కారును బట్టి మారుతూ వచ్చాయి. మన దగ్గర ఇప్పుడు బలంగా పనిచేస్తున్న కారణం మాత్రం మైలేజీ కంటే లోతైనదని నా నమ్మకం. కొత్తది కావాలి, ఖర్చు తగ్గాలి. అయితే అందుకోసం ఇంట్లో ఏ అలవాటూ మారకూడదు, ఎవరి అనుమతీ అడగాల్సిన పని ఉండకూడదు. ఈ కోరికను నేను చిన్నచూపు చూడను. మన నగరాల్లో బతుకు ఎలా ఉందో తెలిసినవాళ్లకు అది సహజంగానే అనిపిస్తుంది.

ముందు యంత్రం సంగతి. హైబ్రిడ్ అనే పేరుతో మన దగ్గర రెండు రకాల బళ్లు అమ్ముడయ్యాయి. 2015లో మారుతి సియాజ్ డీజిల్‌లో ఎస్‌హెచ్‌వీఎస్ పేరుతో వచ్చింది మైల్డ్ హైబ్రిడ్. సెల్ఫ్ మోటారు పని, ఆల్టర్నేటర్ పని కలిపి చేసే ఒక చిన్న యంత్రం అందులో ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపి మళ్లీ తిప్పుతుంది, బండి వేగం అందుకునేటప్పుడు కాస్త చెయ్యేస్తుంది. ఒంటరిగా బండిని నడిపే శక్తి దానికి లేదు. అయినా అదే ఏడాది కేంద్రం మొదలుపెట్టిన ఫేమ్ పథకంలో దానికీ సబ్సిడీ ఇచ్చారు, 2017 ఏప్రిల్ నుంచి తీసేశారు. తీసేయడమే సబబు. వెనక హైబ్రిడ్ అని బిళ్ల ఉన్నంత మాత్రాన అది హైబ్రిడ్ చేయాల్సిన పని చేస్తున్నట్టు కాదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ దారి వేరు. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ కవలల్లాంటివి. రెండూ కర్ణాటకలోని బిడదిలో టొయోటా ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. వాటిలో ఒకటిన్నర లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్, దానికి తోడు దాదాపు 80 హార్స్‌పవర్ మోటారు ఉంటాయి. బ్యాటరీ మాత్రం ముప్పావు యూనిట్ కరెంటు పట్టేంత చిన్నది. ఎలక్ట్రిక్ కారులోనైతే ముప్పై, నలభై యూనిట్లు పట్టే బ్యాటరీ కావాలి. ఇంత చిన్న బ్యాటరీతో పని ఎలా జరుగుతుందంటే, అది కరెంటు దాచుకునే చోటు కంటే ఎక్కువగా చేతులు మారే చోటు. బ్రేకు నొక్కినప్పుడు వేడిగా పోవాల్సిన శక్తి అందులోకి చేరుతుంది, మరుక్షణం బండిని కదిలించడానికి ఖర్చవుతుంది. పెట్రోలు ఇంజన్ బండి పాకుతున్నప్పుడే ఎక్కువ దండగ చేస్తుంది. సరిగ్గా ఆ పనినే మోటారు తన మీద వేసుకుంటుంది. కదలడానికి కావాల్సిన బలం మోటారే ఇస్తుంది గనక, లాగుడు తక్కువైనా పొదుపు ఎక్కువుండే అట్కిన్‌సన్ పద్ధతి ఇంజన్‌ను వాడే వీలు దొరుకుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇందులో ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుతోనే నడుస్తుంది. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోయినా లోపల చల్లగానే ఉంటుంది. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజన్ దానంతటదే మేలుకుని కాసేపు నడిచి మళ్లీ ఆగుతుంది. సియాజ్ లాంటి బండిలో ఇంజన్ ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, కాసేపటికి ఉక్కపోస్తుంది. మన వాతావరణంలో ఈ తేడా మైలేజీ తేడా కంటే ముందుగా ఒంటికి తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. గ్రాండ్ విటారా వచ్చిన కొత్తలో జీటా ఆటోమేటిక్ మైల్డ్ హైబ్రిడ్ ఎక్స్‌షోరూం ధర 15.39 లక్షలు, జీటా ప్లస్ స్ట్రాంగ్ హైబ్రిడ్ ధర 17.99 లక్షలు. సౌకర్యాల్లో కొంత తేడా ఉన్నా పోలికకు పనికొస్తాయి. తేడా 2.60 లక్షలు. తెలంగాణలో అప్పట్లో పది నుంచి ఇరవై లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతం కాబట్టి ఆ తేడా మీద ఇంకో 44 వేలు. మొత్తం మూడు లక్షల పైచిలుకు. ప్రభుత్వ పరీక్షలో మైల్డ్ హైబ్రిడ్ ఆటోమేటిక్ లీటరుకు 20.58 కిలోమీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్ 27.97 కిలోమీటర్లు ఇచ్చాయి. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి, లీటరు 107 రూపాయల చొప్పున, మిగిలేది 20,600 రూపాయలు. ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. కారు అన్నాళ్లు ఉంచుకునే ఇళ్లు తక్కువ.

అదే కారును కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ నడిపేవాళ్ల చేతిలో పెట్టి చూద్దాం. కాగితం మీది అంకెలు అక్కడ నిలవవు. మామూలు ఆటోమేటిక్ పదకొండు ఇస్తుందని, స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇరవై ఒకటి ఇస్తుందని అనుకుందాం. అదే 15 వేల కిలోమీటర్లకు 650 లీటర్ల తేడా, అంటే ఏడాదికి దాదాపు 70 వేల రూపాయలు. మూడు లక్షలు నాలుగున్నరేళ్లు తిరక్కుండానే వచ్చేస్తాయి. మరొకరు వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడకు హైవే మీద వెళ్లొస్తారు. బండి నిలకడగా వందలో పోతున్నప్పుడు బ్రేకులు వేసేది తక్కువ, వెనక్కి రాబట్టుకునే శక్తీ తక్కువే. మామూలుది పదహారు, హైబ్రిడ్ ఇరవై ఇచ్చినా తేడా మళ్లీ ఇరవై వేల దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఒకే కారు, ఒకే ధర, ఒకే దూరం. నాలుగున్నరేళ్లకూ పదిహేనేళ్లకూ తేడా తెచ్చింది రోడ్డు. అందుకే బంధువుల కారు ఎంత ఇస్తుందో కనుక్కుని హైబ్రిడ్ కొనడం ప్రమాదం. వాళ్ల రోడ్డు మన రోడ్డు కాకపోవచ్చు.

ఇంత తేలిక లెక్కను కొనేవాళ్లు వేస్తున్నారా? ఈ ప్రశ్న మీద వచ్చిన పరిశోధనల్లో నాకు బాగా విలువైనదిగా తోచింది థామస్ టరెంటైన్, కెనెత్ కురానీ 2007లో ప్రచురించినది. కాలిఫోర్నియాలో 57 కుటుంబాలతో కూర్చుని, వాళ్లు ఇంతవరకు కొన్న కార్ల చరిత్రంతా అడిగి తెలుసుకున్నారు. ఇంధన ఖర్చును పద్ధతిగా లెక్కగట్టి కారు కొన్న కుటుంబం ఒక్కటీ వాళ్లకు తగల్లేదు. చదువూ జీతమూ ఉన్న ఇళ్లలోనూ అంతే. మన దగ్గర పరిస్థితి వేరుగా ఉంటుందని కొందరు వాదిస్తారు. మనం కారు చూసిన వెంటనే ఎంత ఇస్తుందని అడిగే జాతి. ఆ మాట నిజమే, కానీ ఎంత ఇస్తుందని అడగడం వేరు, ఏడాదికి ఎంత మిగులుతుందని లెక్కించడం వేరు. మొదటిది అందరం చేస్తాం. రెండోది చేసే ఇళ్లు ఇక్కడా తక్కువే.

మొదటి ప్రశ్నలోనే ఒక చిక్కు దాగుంది. రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో దాన్ని బయటపెట్టారు. వాళ్లు అమెరికా మైళ్లూ గ్యాలన్లతో చెప్పిన విషయం మన కిలోమీటర్లకూ లీటర్లకూ అచ్చంగా సరిపోతుంది. పది ఇచ్చే బండిని పదిహేను ఇచ్చేదానితో మార్చినవాళ్లూ, ఇరవై ఇచ్చేదాన్ని ఇరవై ఎనిమిది ఇచ్చేదానితో మార్చినవాళ్లూ ఉన్నారనుకోండి. ఎనిమిది అయిదు కంటే పెద్దది గనక రెండోవారికే ఎక్కువ లాభమనిపిస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు మొదటివారికి మిగిలేది 33 లీటర్లు, రెండోవారికి 14 లీటర్లే. బరువైన ఏడు సీట్ల బండి హైబ్రిడ్ అయితే మిగిలే పెట్రోలు, చిన్న కారు హైబ్రిడ్ అయితే మిగిలేదానికంటే చాలా ఎక్కువ. అయినా ప్రకటనల్లో మెరిసేది ఎప్పుడూ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది లాంటి అంకెలే. షోరూంలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లో రాసే బదులు వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో రాస్తే సగం గందరగోళం పోతుంది. యూరప్‌లో అలాగే రాస్తారు.

డబ్బు లెక్క సరిగా వేయకుండానే కొన్నారంటే ఇంకేదో లాగింది. అమెరికాలో ఆ ఇంకేదో ఏమిటన్నది తేటగానే బయటపడింది. 2003 ఆస్కార్ వేడుకకు కొందరు తారలు పొడవాటి లిమోజిన్లు వదిలేసి ప్రియస్‌లలో దిగారు. 2007లో సీఎన్‌డబ్ల్యూ మార్కెటింగ్ అనే సంస్థ ప్రియస్ కొన్నవాళ్లను ప్రధాన కారణం అడిగితే, ఈ కారు నేనెవరినో చెబుతుంది అన్నవాళ్లు 57 శాతం, మైలేజీ అన్నవాళ్లు 36 శాతం. అప్పట్లోనే హోండా సివిక్ హైబ్రిడ్ కూడా దొరికేది. అది చూడటానికి మామూలు సివిక్‌లాగే ఉండేది. ప్రియస్‌ది మాత్రం దూరం నుంచే గుర్తుపట్టే ఆకారం. స్టీవెన్ సెక్స్‌టన్, అలిసన్ సెక్స్‌టన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల అమ్మకాలు పరిశీలించి ఆ ఆకారానికి ఖరీదు కట్టారు. పర్యావరణం మీద పట్టింపు ఎక్కువున్న ఊళ్లలో, కేవలం కనబడటం కోసం ప్రియస్ మీద జనం అదనంగా పెట్టడానికి సిద్ధపడింది 430 డాలర్ల నుంచి 4,200 డాలర్ల దాకా ఉందని 2014లో తేల్చారు.

మన దగ్గర ఈ కారణం దాదాపు లేదు. మన ప్రభుత్వం పచ్చ నంబరు ప్లేటు ఎలక్ట్రిక్ బండికే ఇచ్చింది. హైబ్రిడ్‌కు అందరి ప్లేటే. హైరైడర్ హైబ్రిడ్‌కూ మామూలు హైరైడర్‌కూ ఆకారంలో తేడా లేదు. ప్రియస్ మన దేశానికి 2010లో వచ్చింది, పాతిక లక్షలు దాటిన ధరతో. హోండా సివిక్ హైబ్రిడ్ అంతకుముందే, 2008లో, ఇరవై లక్షలు దాటిన ధరతో వచ్చి, కొద్ది నెలల్లోనే లక్షల్లో ధర తగ్గించుకోవాల్సి వచ్చింది. రెండూ నిలవలేదు. వాటి ద్వారా చెప్పుకోవాల్సిన మాట వినేవాళ్లు ఇక్కడ లేరు. అంత డబ్బు పెట్టేవాళ్లు తమ హోదా చెప్పడానికి పెద్ద డీజిల్ ఎస్‌యూవీనే ఎంచుకున్నారు.

ఆ డీజిల్ కథ తెలియకుండా మన హైబ్రిడ్ కథ అర్థం కాదు. 2012 ప్రాంతంలో ఢిల్లీలో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు ముప్పై రూపాయల పైనే తేడా ఉండేది. ఆ తేడా చూసి దేశమంతా డీజిల్ కార్లు కొంది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ తీసేశారు, తేడా చిక్కిపోతూ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధన వచ్చాక చిన్న డీజిల్ ఇంజన్‌ను శుభ్రం చేయడం ఖరీదైపోయింది. మారుతి డీజిల్‌నే మానేసింది. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు నిండిన డీజిల్ బండి తిరగకూడదన్న తీర్పు తెలుగు నేలకు వర్తించలేదు, కానీ ఆ భయం ఇక్కడిదాకా వచ్చింది. రేపు మనకూ అదే గతి పడితే అన్న మాట షోరూముల్లో వినబడేది. డీజిల్ పక్కకు జరిగినచోట ఒక ఖాళీ ఏర్పడింది. దూరాలు తిరిగేవాళ్లకు, పెద్ద కుటుంబాలకు, బరువు లాగే బండి కావాల్సినవాళ్లకు ఏది దిక్కు?

టొయోటా ఆ ఖాళీనే చూసింది. ఇన్నోవా తెలుగునాట ఎమ్మెల్యే నుంచి పెళ్లి బృందం దాకా అందరి బండీ. తరాల తరబడి డీజిల్‌తోనే దాని పేరు. 2022 చివర్లో చూపించిన హైక్రాస్‌లో డీజిలే లేదు. రెండు లీటర్ల పెట్రోలు ఇంజన్, మోటారు, రెండూ కలిపి 186 హార్స్‌పవర్, కంపెనీ చెప్పే మైలేజీ 23.24. జనం మొహం తిప్పుకుంటారేమో అనుకుంటే, ఖరీదైన రకాలకు బుకింగులు 2023లో కొన్నాళ్లు ఆపేయాల్సినంత గిరాకీ వచ్చింది. నెలల తరబడి ఆగి మరీ తీసుకున్నారు. డీజిల్ ఇన్నోవా క్రిస్టా అదే షోరూంలో అమ్మకానికి ఉండగానే ఇది జరిగింది. క్రిస్టా నుంచి హైక్రాస్‌కు మారినవాళ్లను కదిలిస్తే మైలేజీ తర్వాత రెండో మాటగా వచ్చేది నిశ్శబ్దం. స్టీరింగులోకి వచ్చే ఆ వణుకు లేదు, వెనక సీట్లో పెద్దవాళ్లు నిద్రపోగలరు, గేరు మార్చే పని లేదు. పరిశోధనల్లో సౌఖ్యమనే కారణం ఎప్పుడూ జాబితా అడుగునే ఉంటుంది. మన దగ్గర ఏడుగురు ఎక్కే బండికి అది పైకి రావాలి.

తిరుమల కొండ దిగే దారి హైబ్రిడ్ ఏమిటో చక్కగా నేర్పుతుంది. ఏడుగురితో బండి రెండు టన్నుల పైన బరువుంటుంది, దిగే ఎత్తు ఏడు వందల మీటర్ల దాకా. లెక్కగడితే ఆ దిగుడులో దాదాపు నాలుగు యూనిట్ల శక్తి ఉంది, దార్లో రాపిడికి కొంత పోయినా రెండున్నర మిగులుతుంది. హైక్రాస్ బ్యాటరీ మొత్తం పట్టేది అంతకంటే తక్కువే. అలిపిరికి ఇంకా చాలా దూరం ఉండగానే అది నిండిపోతుంది. ఆ తర్వాత బండి ఇంజన్‌నే బ్రేకుగా వాడుకుంటుంది, ఒక్కసారిగా మోత పెరుగుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే కొత్తగా కొన్నవాళ్లు ఏదో పాడైందని బెదిరిపోతారు. కొండ దిగితే కరెంటంతా ఊరికే వస్తుందనే మాట మీద నమ్మకంతో కొన్నవాళ్లకు ఇది తెలియాలి. బ్యాటరీ ఎంత చిన్నదో అంతే పడుతుంది.

ఇక ప్రభుత్వం చెయ్యి. అమెరికాలో 2005 చట్టం కింద 2006 నుంచి హైబ్రిడ్ కొన్నవాళ్లకు ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చారు; ప్రియస్‌కు 3,150 డాలర్లు. 2006లో అమ్ముడైన హైబ్రిడ్లలో అయిదో వంతు ఈ రాయితీ పుణ్యమేనని ఆరీ బెరెస్టియాను, షాంజున్ లీ లెక్కగట్టారు. పెట్రోలు ధర 1999 నాటి స్థాయిలోనే ఉండి ఉంటే ఆ ఏడాది అమ్మకాలు 37 శాతం తక్కువయ్యేవని కూడా తేల్చారు. అంతకంటే ఆసక్తికరమైనది కెల్లీ గాలగర్, ఎరిక్ మ్యూలెగర్ కనిపెట్టినది. ఒకే విలువున్న రాయితీని ఆదాయపు పన్నులో ఏడాది తర్వాత ఇస్తే వచ్చే ఫలితం కంటే, కొనే రోజునే అమ్మకపు పన్ను మాఫీ చేస్తే వచ్చే ఫలితం పదింతలు ఎక్కువ. డబ్బు అదే. చేతికి అందే వేళ మారింది. ఇరవై ఏళ్లలో పొదుపయ్యే పెట్రోలు మాట ఎలా ఉన్నా, చెక్కు రాసే రోజున తగ్గే అంకెకు ఉన్న బలం ఇంకదేనికీ లేదు. కాలిఫోర్నియాలో హైబ్రిడ్లకు పసుపు స్టిక్కర్లు ఇచ్చి, ఒక్కరే ఉన్నా ఎక్కువమంది ప్రయాణించే కార్ల వరసలో పోనిచ్చారు. 85 వేల స్టిక్కర్లూ అయిపోయాయి, 2011 జూలైలో ఆ సౌకర్యం ముగిసింది. అంతదాకా కొందరు రోజూ అరగంట మిగులుతుందనే హైబ్రిడ్ కొన్నారు.

మన దేశంలో పన్ను ఇందుకు ఎదురుగా నడిచింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక పెద్ద హైబ్రిడ్ మీద సెస్సుతో కలిపి 43 శాతం పడింది. ఎలక్ట్రిక్ కారు మీద 12 శాతమే, 2019 ఆగస్టు నుంచి 5 శాతం. ఇరవై లక్షల బండి మీద ఈ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మారాయి. నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లు, హైబ్రిడ్లతో సహా, 18 శాతానికి దిగాయి. పెద్దవాటికి పెట్రోలైనా హైబ్రిడైనా 40 శాతం. అంటే పెద్ద పెట్రోలు బండికీ హైబ్రిడ్‌కూ మధ్య అంతకుముందున్న ఆ కొద్దిపాటి పన్ను తేడా కూడా పోయింది. రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది. అప్పట్లో అక్కడ పది లక్షలు దాటిన కారుకు అది 10 శాతం. ఎలక్ట్రిక్ కార్ల మీద పెట్టుబడి పెట్టిన కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. తెలంగాణ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు పన్ను తీసేసింది. హైదరాబాద్‌లో స్ట్రాంగ్ హైబ్రిడ్ కొనేవాళ్లు పన్ను ఎదురుగా ఉన్నా కొంటున్నారన్నది ఇక్కడ గమనించాలి. పక్కనే ఉన్న ఎలక్ట్రిక్ కారుకు రోడ్డు పన్ను లేదు, కిలోమీటరుకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. డబ్బే కారణమైతే వాళ్లు అటు పోవాలి.

అటు ఎందుకు పోవడం లేదు? నా దృష్టిలో ఈ మొత్తం ప్రశ్నకు గుండెకాయ ఇదే. ఎలక్ట్రిక్ కారు కొనాలంటే ముందు కారు కింద నేల కావాలి. సొంత ఇల్లున్నవాళ్లు పోర్టికోలో ప్లగ్గు పెట్టుకుంటారు. హైదరాబాద్ మధ్యతరగతిలో పెద్ద భాగం ఉండేది అపార్ట్‌మెంట్లలో. సెల్లార్‌లో తన పార్కింగ్ దాకా విడి మీటరుతో తీగ లాగించుకోవాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. మంటలొస్తే ఎవరు బాధ్యులన్న ప్రశ్న వస్తుంది, లోడ్ సరిపోదంటారు, మీటింగులో పెడతామంటారు. అద్దెకుండేవాళ్లకు ఇంటి ఓనరు మాట కూడా కావాలి, రెండేళ్లలో ఇల్లు మారితే అదంతా మళ్లీ మొదటికొస్తుంది. హైబ్రిడ్ కొన్నవాళ్లు ఎవరినీ అడగనక్కర్లేదు. పెట్రోలు బంకు అదే, పార్కింగ్ అదే. వేసవిలో కరెంటు పోయినా బెంగ లేదు.

సంక్రాంతి ప్రయాణం ఇందులో రెండో భాగం. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల చిల్లర. మామూలు రోజున ఇవాళ్టి ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి అది పెద్ద దూరం కాదు. భోగికి రెండు రోజుల ముందు సంగతి వేరు. పంతంగి టోల్ దగ్గర బారులు తీరిన బళ్లు, దారి పొడవునా హోటళ్ల దగ్గర ఒకటో రెండో చార్జర్లు, వాటి ముందు వరస. ఏడాదికి రెండుసార్లు చేసే ఆ ప్రయాణం కోసం మిగతా మూడొందల అరవై రోజుల లెక్క వదులుకోవడం తర్కం కాదని నిపుణులు అంటారు. కానీ ఇంటి కారు కొనేటప్పుడు మన ఇళ్లలో తలచుకునేది సగటు రోజును కాదు. ఊళ్లో అమ్మకు బాగాలేదని అర్ధరాత్రి ఫోను వస్తే, ఆగకుండా పోగలమా అన్నది అడుగుతారు. పరిశోధకులు దీన్ని దూరం గురించిన ఆందోళన అని పిలిచి, చార్జర్లు పెరిగితే పోతుందని రాస్తారు. నేనైతే దాన్ని ఆందోళన అనను. ఎవరి మీదా ఆధారపడకుండా ఇంటివాళ్ల దగ్గరికి చేరగలగాలన్న పట్టుదల అది. చార్జర్లు నమ్మకంగా పనిచేసిన రోజున తగ్గవచ్చు. రోడ్డు పక్కన చార్జర్ బోర్డు కనబడినంత మాత్రాన తగ్గదు.

విదేశాల్లోని మనవాళ్ల సంగతి కొత్త మలుపు తీసుకుంది. అమెరికాలో టొయోటా సియెన్నా మినీవ్యాన్ 2021 మోడల్ నుంచి, క్యామ్రీ 2025 మోడల్ నుంచి హైబ్రిడ్‌గానే దొరుకుతున్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరూ ఒకే బండిలో పట్టాలని సియెన్నా తీసుకునే కుటుంబానికి హైబ్రిడ్ ఎంపిక కాదు, బండితో పాటు వచ్చేసింది. అక్కడ ఎందుకు కొన్నారని హైబ్రిడ్ గురించి అడగడంలో అర్థం లేదు. ఏసీ ఎందుకు కొన్నారని ఎవరూ అడగరు కదా. ప్రియస్ కాలపు గర్వమూ లేదు, లెక్కా లేదు. ఒక సాంకేతికత ఇంతకంటే నిండుగా గెలవడం ఉండదు.

పర్యావరణాన్ని చివరికి తెచ్చాను, మన కొనుగోలుదార్లు కూడా చివరికే తెస్తారు. అయినా ఇది ముఖ్యమైన ప్రశ్న. మన కరెంటులో అత్యధిక భాగం బొగ్గు నుంచే వస్తోంది గనక ఎలక్ట్రిక్ కంటే హైబ్రిడ్డే మేలన్న వాదన బాగా చలామణిలో ఉంది. అందులో సగమే నిజం. రవాణా మీద పరిశోధన చేసే ఐసీసీటీ సంస్థ 2021లో కారు తయారీ నుంచి తుక్కు దాకా లెక్కగట్టింది. మన బొగ్గు కరెంటుతో నడిచినా, మధ్యస్థాయి ఎలక్ట్రిక్ కారు పెట్రోలు కారు కంటే 19 నుంచి 34 శాతం తక్కువ ఉద్గారాలు వదులుతుందని తేల్చింది. కరెంటు శుభ్రపడేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. హైబ్రిడ్ కాల్చేది ఎన్నేళ్లయినా పెట్రోలే. నగరం నడిబొడ్డున ఇంజన్ ఆగి ఉండటం వల్ల పక్కన నడిచేవాళ్ల ఊపిరికి మేలు జరుగుతుంది, పెట్రోలు పొదుపు నిజమైనది, దాన్ని తక్కువ చేయను. కానీ బొగ్గు మాట చెప్పి మనసు ఊరడించుకోవడం సరైన కారణం కాదు.

కొననివాళ్ల కారణాలు ఈ పరిశోధనల్లో అతి తక్కువగా కనిపిస్తాయి. వాళ్లను ఎవరూ అడగరు. మన దగ్గర ట్యాక్సీ నడిపేవాళ్లు, మెడికల్ రిప్రజెంటేటివులు, రోజూ నగరంలో వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లు నిజానికి హైబ్రిడ్ వల్ల అందరికంటే ఎక్కువ లాభపడాలి. వాళ్లు సీఎన్‌జీ కొంటున్నారు. మొదటి ధరలోనే మూడు లక్షల తేడా అంటే కిస్తీ మీద పడే భారం వాళ్లకు తెలుసు. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీ మింగేస్తుందని ఎగతాళి చేసేవాళ్లు గ్రాండ్ విటారా హైబ్రిడ్ డిక్కీ కూడా చూడాలి. మామూలుదానిలో 373 లీటర్ల చోటుంటే బ్యాటరీ కారణంగా ఇందులో 265 లీటర్లే. న్యూయార్క్ నగరంలో 2005లోనే ఫోర్డ్ ఎస్కేప్ హైబ్రిడ్ ట్యాక్సీలు దిగాయి. ప్రపంచంలో చాలా నగరాల్లో ప్రియస్ ట్యాక్సీగానే పేరు తెచ్చుకుంది. రోజంతా ఆగి కదిలే బండికే ఈ యంత్రం పుట్టింది. మన దగ్గర అది చేరాల్సినవాళ్ల చేతికి చేరలేదు, పన్ను రేటు రాసినవాళ్లు దీన్ని ఆలోచించాల్సింది.

మెకానిక్ భయం కూడా చిన్నది కాదు. నారింజరంగు తొడుగున్న తీగల్లో వందల వోల్టులు ప్రవహిస్తాయి, శిక్షణ లేనివాళ్లు ముట్టుకోకూడదు. ఊరి చివర షెడ్డులో నమ్మకమైన మెకానిక్‌తో ఇరవై ఏళ్లుగా కార్లు నడిపించుకుంటున్న డాక్టరుగారో, మిల్లు యజమానో జిల్లా కేంద్రంలోని సర్వీస్ సెంటర్ మీదే ఆధారపడటానికి ఒప్పుకోవడం అంత తేలిక కాదు. చార్జర్ మీద ఆధారపడలేక ఒకరు హైబ్రిడ్ కొంటే, సర్వీస్ సెంటర్ మీద ఆధారపడలేక ఇంకొకరు మానేస్తున్నారు. ఇద్దరినీ నడిపేది ఒకే స్వభావం.

టొయోటా, మారుతి రెండూ హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. 2022లో కొన్న బళ్లకు అది 2030తో ముగుస్తుంది. అప్పటికి వాటిలో చాలావరకు చేతులు మారి, హైదరాబాద్ నుంచి నల్గొండకో, నెల్లూరికో, శ్రీకాకుళానికో చేరతాయి. మన ఇళ్లలో మొదటి కారు చాలాసార్లు సెకండ్ హ్యాండ్ కారే. బండి రాష్ట్రం దాటకపోతే ఆ రెండో కొనుగోలుదారుకు లైఫ్ ట్యాక్స్ కట్టే పని లేదు, కొత్త బండి మీద పెట్టిన ఆ మూడు లక్షల తేడాలో చాలాభాగం మొదటి ఓనరే మోసేసి ఉంటాడు. మైలేజీ లెక్క అసలు కలిసొచ్చేది వాళ్లకే, బ్యాటరీ నిలబడితే. వారంటీ దాటిన బ్యాటరీ ఆరోగ్యం ఎంతో కాగితం మీద రాసిచ్చే ఏర్పాటు, మార్చాల్సి వస్తే ఎంతవుతుందో ముందే చెప్పే ధరల పట్టీ ఇప్పటినుంచే కావాలి. కంపెనీలు వాటిని ఇవ్వాలి. ఇవ్వమని రవాణా శాఖలు అడగాలి.